ఎర్తుకు నీళ్లు

ఆ ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీయాలంటే చెప్పులు వేసుకోవాలి.

వీధి చెప్పులను గడప దాటనిచ్చే మనిషి కాదు రాజవ్వ. ఎంత పెద్దవాళ్లు వచ్చినా బయట విడిచి రావలసిందే. కానీ ఫ్రిజ్ ముందు ఒక జత, వెనక వాకిట్లో బట్టలుతికే మిషను ముందు ఇంకో జత నీలం రంగు హవాయి చెప్పులు ఎప్పుడూ పడి ఉంటాయి. కాళ్లు వాటిలో దూర్చి, తలుపు తీసి, పాలో పెరుగో తీసుకుని, మళ్లీ చెప్పులు అక్కడే విడిచి పోతారు. ఎవరైనా మరిచిపోయి ఉత్త కాళ్లతో ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది. వాళ్లు ఎగిరి గంతేస్తే మిగతావాళ్లు నవ్వేవారు. నవ్వుకునేంత చిన్న షాకే మరి, నవ్వక ఏం చేస్తారు.

ఎండాకాలంలో ఆ జివ్వు కాస్త గట్టిపడేది. దానికీ ఆ ఇంట్లో మందుంది. వెనక వాకిట్లో జామచెట్టు పక్కన, నేలలోంచి మోకాలెత్తున లేచిన ఇనుప పైపు ఒకటి ఉంది. అది ఇంటి ఎర్తు. రోజూ పొద్దున్నే దాని మొదట్లో బిందెడు నీళ్లు పోస్తే షాకు తగ్గుతుంది. ఎందుకు తగ్గుతుందో ఎవరూ అడగలేదు. తులసికి పోసినట్టే దానికీ పోస్తూ వచ్చారు. పోయడమంటే ఇంట్లోవాళ్లు పోయడం కాదు, పనికి వచ్చే మొగిలవ్వ పోయడం. గేటు బయట చెప్పులు విడిచి, కొంగు నడుముకు చెక్కి, బోళ్లకన్నా బట్టలకన్నా ముందు ఆమె చేసే పని అదే.

రాజవ్వ మనవరాలు సింధూజకు చీర కట్టించే ఫంక్షన్ ఆదివారమనగా, ఆ వారంలోనే వంటింటి స్విచ్ బోర్డు మాడి వాసనొచ్చింది. కోడలు స్వరూప ఫోన్ చేస్తే వైర్‌మన్ ఓదెలు వచ్చాడు. కోరుట్లలో సగం పాత ఇళ్ల గోడల లోపల ఏముందో ఆయనకు తెలుసని చెప్పుకుంటారు. బోర్డు విప్పి, నల్లబడిన వైరును గోళ్లతో గిల్లి చూశాడు. లేచి ఫ్రిజ్ మూలకు టెస్టర్ పెట్టాడు. వెలిగింది. మిషనుకు పెట్టాడు. వెలిగింది. వెనక వాకిట్లోకి వెళ్లి ఎర్తు పైపుకు పెట్టాడు. అక్కడా వెలిగేసరికి ఆయన మొహంలో ఉన్న నవ్వు పోయింది.

"ఎర్తుకే కరెంటున్నది చెల్లె. గిది ఎన్నొద్దుల సంది?"

"ఎప్పటిసందో ఉన్నదే అన్నా. నీళ్లు పోస్తె తక్కువైతది."

ఓదెలు పైపు పక్కన గొంతుక్కూర్చుని, స్వరూప భర్త రాజేందర్‌ను కూడా పిలిచి చెప్పాడు.

"వచ్చే కరెంటు ఒక వైరు మీద వస్తది, మళ్ల పొయ్యేది ఇంకో వైరు మీద పోవాలె. మీ ఎనుక అర్రలకు గా పొయ్యే వైరు గోడలనే తెగిపోయింది. గోడ పలుగగొట్టుడెందుకని ఎవలో దాన్ని దెచ్చి ఎర్తుకు కలిపిండ్రు. ఇప్పుడు మీ ఎనుకింటి కరెంటంత ఈ పైపులకెల్లి భూమిలకు పోతంది. భూమి తడి ఉంటె గుంజుకుంటది. ఎండితె గుంజది. గుంజకపోతె గది యాడికి పోవాలె? పైపు మీద, ఫ్రిజ్జు మీద, మిషన్ మీద ఎక్కి కూసుంటది."

"ఏం జెయ్యాలె మరి?" అన్నాడు రాజేందర్.

"గోడ చీరి కొత్త వైరు ఎయ్యాలె. కొత్త ఎర్తు గుంత తియ్యాలె. గిక్కడ టైల్స్ ఒక వరుస పోతయి తమ్మీ."

రాజేందర్ గోడ వైపు చూశాడు. షార్జాలో ఆయన పని టైల్స్ పరచడం. ఇన్నేళ్లు అక్కడ ఎవరెవరి ఇళ్లల్లోనో పరిచి, ఈసారి సెలవులో సొంత వంటింటికి, వెనక గోడకు తన చేతులతో వేసుకున్నాడు. సందుల్లో సిమెంటు పళ్ల బ్రష్షుతో రుద్ది శుభ్రం చేశాడు. వచ్చిన ప్రతివాళ్లూ చెయ్యేసి నిమిరి చూసి మెచ్చుకున్న గోడ అది.

"ఆదివారం ఫంక్షన్ వెట్టుకొని ఇప్పుడు గోడ చీరుకుంటమా ఓదెలన్నా?"

"పోనీ బయటికెల్లి వైరు గుంజుత. ఒక పూటల అయిపోతది."

"కొత్త రంగు మీద మొలలు గొడ్తవా? ఫోటోలల్ల గా వైరే కనవడ్తది."

ఇద్దరూ స్వరూప వైపు చూశారు. ఆమె కూడా ఆ గోడనే చూసింది. వెన్న రంగు టైల్సు, వాటి మీద లేత నీలం పూలు. పెళ్లై వచ్చిన నాటినుంచి పెచ్చులూడిన గోడ చూసిన కళ్లకు అది ఇంకా కొత్తగానే ఉంది.

"అయినంకనే చెయ్యన్నా," అంది. "ఇన్నేండ్లు ఏం కాలే, గీ నాల్గొద్దులల్ల ఏమైతది?"

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో తర్వాత ఆమె చాలాసార్లు గుర్తు చేసుకోవలసి వచ్చింది.

ఓదెలు బోర్డు మార్చి, సామాన్ల సంచి సర్దుకుంటూ గేటు దగ్గర ఆగాడు. "ఫంక్షన్ నాడు ఏసీ, గీజరు, సీరియల్ లైట్ల బుగ్గలు, అన్ని నడుస్తయి. గాయింత కరెంటు గా పైపు మీదనే పడ్తది. నీళ్లు తక్కువ చెయ్యకుండ్రి. చెప్పులు ఇడువకుండ్రి. అందరికి చెప్పు చెల్లె, మర్చిపోకు."

"అందరికి చెప్త అన్నా."

*

చెప్పడంలో స్వరూప ఏ లోపం చెయ్యలేదు. బజారుకు పోయి ఇంకో రెండు జతల హవాయి చెప్పులు తెచ్చింది. జగిత్యాల నుంచి ఆడబిడ్డ దిగీ దిగగానే, సంచి కింద పెట్టకముందే చెప్పింది. రుద్రంగి చిన్నత్తకు ఫ్రిజ్ దాకా తీసుకుపోయి చూపించి చెప్పింది. వంట మల్లన్నకూ ఆయన మనుషులకూ చెప్పింది. ఆడబిడ్డ పిల్లలు దాన్ని ఆట చేసుకున్నారు. ఒకడు చెప్పులు దాచడం, ఇంకొకడు ఫ్రిజ్ ముందు నిలబడి ఏడవడం. "ఏంది స్వరూపా, మీ ఫ్రిజ్జుకు గంత షోకా, చెప్పులుంటెగాని ముట్టనియ్యదా," అని చిన్నత్త పకపకా నవ్వింది. అందరూ నవ్వారు.

శనివారం పొద్దున మొగిలవ్వ ఇంకా తెల్లారకముందే వచ్చింది. ఇల్లంతా చుట్టాలు, బోళ్లు కొండలా ఉన్నాయి. బిందె నింపుకుని పైపు దగ్గరికి పోయింది. నీళ్లు అటూ ఇటూ పారిపోకుండా చేతితో మట్టి లాగి పైపు చుట్టూ కట్ట కట్టింది. పాదాలు చీలమండల దాకా బురదలో ఉన్నాయి. నీళ్లు పోస్తూ పోస్తూ ఆగి, ఒక కాలు ఎత్తి, దించి, రెండో కాలు ఎత్తింది.

"ఓ రాజవ్వక్కా, కాళ్లల్ల చీమలు వాకినట్టయితంది ఇయ్యాల."

రాజవ్వ అరుగు మీద కూర్చుని తమలపాకులు తుడుస్తోంది. తల ఎత్తలేదు.

"నీళ్లు తక్కువ వోస్తన్నవు. ఇంకో బిందె పొయ్యి."

స్వరూప మిషనులోంచి బట్టలు తీస్తోంది. ఆమె కాళ్లకు నీలం చెప్పులున్నాయి. అక్కడినుంచి మొగిలవ్వ పాదాలు బాగా కనిపిస్తాయి. పగిలిన మడమలు, బురద, మళ్లీ బిందె కోసం నల్లా వైపు నడక. ఆమెకు చెప్పలేదు కదా అన్న ఆలోచన స్వరూపకు వచ్చింది. స్పష్టంగానే వచ్చింది. చెప్పాలంటే ఏమని చెప్పాలి? చెప్పులేసుకో అనాలి. ఆమె చెప్పులు గేటు బయట ఉన్నాయి. వాటితో ఆమె ఎన్నడూ లోపలికి రాలేదు, వస్తే అత్త ఊరుకోదు. పోనీ ఈ నీలం చెప్పులిస్తే? ఇంటిల్లిపాదీ కాళ్లు పెట్టే చెప్పులు. ఆమె వేసుకుని విడిచాక అత్త వాటిలో కాళ్లు పెడుతుందా? ఆడబిడ్డ పెడుతుందా? అంతదాకా ఎందుకు, తను పెడుతుందా?

ఆ చివరి ప్రశ్నకు జవాబు వెతుక్కోకముందే ఫోన్ మోగింది. సింధూజ జాకెట్టు చేతులు బిగుతయ్యాయట, టైలర్. స్వరూప చెప్పులు విడిచి లోపలికి నడిచింది. సాయంత్రం చెబుదాంలే అనుకుంది. సాయంత్రం ఇంటినిండా మనుషులు.

వెనక మొగిలవ్వ ఇంకో బిందె పోసింది.

*

ఆదివారం ఇల్లు ఇల్లంతా వెలిగిపోయింది. పట్టపగలే సీరియల్ బుగ్గలు వెయ్యమన్నాడు వీడియో అతను. వెనక అర్రలో ఏసీ వేసి, బ్యూటీ పార్లర్ అమ్మాయి సింధూజ జుట్టు మిషనుతో ఆరబెడుతోంది. గీజరు తెల్లవారినప్పటినుంచీ ఆపింది లేదు. ముందు పందిట్లో ఓదెలు నిచ్చెన మీద ఉన్నాడు. ఏదో ఒక బుగ్గల దండ సగం వెలిగి సగం వెలగక సతాయిస్తోంది.

స్వరూప దేవుడి ముందు దీపం వెలిగిస్తుండగా వెనక వాకిట్లో బిందె దొర్లిన చప్పుడైంది. పిల్లలు పడేశారేమో అనుకుంది. కానీ పిల్లల నవ్వు వినపడలేదు. లేచి వచ్చింది.

మొగిలవ్వ బురదలో జారి కూలబడి ఉంది. పడబోతూ పట్టుకున్నట్టుంది, కుడిచెయ్యి పైపు మీద ఉంది. చెయ్యి వదలడం లేదు. నోరు తెరిచి ఉంది గానీ గొంతు పైకి రావడం లేదు. కళ్లు మాత్రం స్వరూపను చూస్తున్నాయి.

స్వరూప ఒక్క ఉరుకు ఉరికి, సగంలో ఆగిపోయింది. దేవుడి దగ్గరినుంచి వచ్చింది, ఉత్త కాళ్లతో ఉంది. చెప్పులు. మిషను ముందు లేవు. పిల్లలు దాచారు. ఆమె చెప్పుల కోసం ఇటు చూసింది, అటు చూసింది. ఆ చూసినంతసేపూ మొగిలవ్వ కళ్లు ఆమె మీదే ఉన్నాయి. అప్పుడు గొంతు చించుకుని అరిచింది.

"ఓదెలన్నా! బంద్ జెయ్యి! బంద్ జెయ్యి!"

ఓదెలు నిచ్చెన మీదినుంచి దూకినంత పని చేసి మెయిన్ లాగేశాడు. బుగ్గలు ఆరిపోయాయి, ఏసీ ఆగిపోయింది. "కరెంటేమైందే?" అని ముందునుంచి వీడియో అతను కేకేశాడు. మొగిలవ్వ చెయ్యి పైపు మీదినుంచి జారి బురదలో పడింది.

ఊపిరి ఉంది. అరచేయి మాత్రం తెల్లగా కాలి, మధ్యలో చీలింది. ఓదెలు ఆమెను ఎత్తి ఆటోలో వేశాడు. కబురందుకుని ఆమె బిడ్డ నవనీత దారిలో ఎక్కింది. కోరుట్లలో చూసి, జగిత్యాల పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. పోయేముందు ఓదెలు వెనక అర్రల కరెంటు పూర్తిగా తీసేశాడు. ముందు అర్రల కరెంటుతో ఫంక్షన్ నడిచింది. చుట్టాలు వచ్చారు, అన్నాలు ఉడికాయి, చీర కట్టించే వేళ దాటుతోంది. ఎవరూ ఆపలేదు.

బంతి భోజనాల్లో స్వరూప పప్పు వడ్డిస్తుంటే చిన్నత్త చెయ్యి పట్టి ఆపింది.

"మొగిలవ్వ చెప్పులు లేకుంటనే ముట్టిందట గదనే. నాకు ఫ్రిజ్జు దాకా తీస్కపోయి చెప్తివి. గామెకు చెప్పలేదా?"

బంతిలో నలుగురూ తలెత్తారు. స్వరూప చేతిలో గరిటె ఉంది.

"చెప్పిన," అంది. "ఇనలే."

అంతే. రెండే మాటలు. చిన్నత్త "అయ్యో" అని పప్పులో అన్నం కలుపుకుంది. ఆ బంతి లేచేసరికి మాట పక్క బంతికి పోయింది, సింధూజ ఒళ్లో పండ్లు పెట్టేసరికి పందిరి దాటింది. చెప్పారట, వినలేదట. పాపం, వాళ్లు మాత్రం ఏం చేస్తారు. సాయంత్రం జగిత్యాల పోయిన రాజేందర్ ఆసుపత్రి వరండాలో నవనీతకూ అదే చెప్పాడు. అబద్ధమని ఆయనకు తెలియదు. భార్య చెప్పిందంటే చెప్పిందనే అనుకున్నాడు.

*

గోడను రాజేందరే పగలగొట్టాడు. ఓదెలు మనుషులను తెస్తానంటే వద్దన్నాడు. సుత్తి, ఉలి పట్టుకుని, తను పరిచిన వరుసనే ఒక్కొక్క పలకా లేపాడు. ఒకటి కూడా ముక్కలు కాకుండా తీయాలని మొదట చూశాడు. తర్వాత అదీ మానేసి, ఊరికే కొడుతూ పోయాడు. నీలం పూలు వాకిలంతా చెల్లాచెదురయ్యాయి.

పాత వైర్లు గోడలోంచి లాగితే చేతిలోనే పొడిపొడిగా రాలాయి. ఓదెలు జామచెట్టుకు దూరంగా లోతుగా గుంత తీయించి, కొత్త పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి పూడ్చాడు. మెయిన్ బోర్డు పక్కన కొత్తగా ఒక స్విచ్చు పెట్టాడు. ఎవరికైనా షాకు తగిలితే కన్ను మూసి తెరిచేలోగా అదే పడిపోతుందట. దాని మీద గుండీ నొక్కి, టక్కున పడేలా చేసి చూపించాడు. స్వరూప ఇంకోసారి నొక్కమని, ఆ టక్కు మళ్లీ విన్నది. ఇంత చిన్న చప్పుడా. దీనికేనా, గోడ పాడవుతుందని తను అడ్డుపడింది.

"ఇగ చెప్పులక్కర లేదు చెల్లె," అన్నాడు ఓదెలు. నీలం చెప్పుల జతలన్నీ ఏరి ఒక మూలకు వేశాడు. ఒక పూటలో అయిపోతుందని ఆరోజు తను చెప్పిన సంగతి ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని స్వరూపకు అనిపించింది.

చెత్త పారేయడానికి గేటు దాటినప్పుడు ఆమెకు అవి కనపడ్డాయి. గోడ వారగా, ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా పెట్టిన మొగిలవ్వ చెప్పులు. ఆదివారం నాటినుంచీ అక్కడే ఉన్నాయి. పందిరి వేసినవాళ్లు, విప్పినవాళ్లు, చుట్టాలు, అందరూ వాటిని దాటే నడిచారు. ఒకదాని పట్టీ తెగితే పిన్నీసు పెట్టి ఉంది. స్వరూప వంగి రెండూ చేతిలోకి తీసుకుంది.

"గవ్వి నువ్వెందుకు వడ్తన్నవు?" లోపలినుంచి రాజవ్వ అరిచింది. "ఎవలితోనన్న తోలిద్దాం!"

స్వరూప సంచి కోసం కూడా వెనక్కి రాలేదు. చెప్పులు చేతిలో పట్టుకునే నడిచింది. మొగిలవ్వ ఇంటికి రైలు గేటు దాటాలి, అక్కడిదాకా తెలిసినవాళ్లే. అందరూ ఆమె మొహం చూసి, తర్వాత చెయ్యి చూశారు.

నవనీత ఇంటి ముందు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలకు ఆకు కత్తిరిస్తోంది. మొగిలవ్వ గోడకానుకుని చాప మీద ఉంది. కుడి అరచేతికి కట్టు, వేళ్లు మాత్రం బయటికి ఉన్నాయి. స్వరూప గడప బయట తన చెప్పులు విడిచి, పక్కన ఆమె చెప్పులు పెట్టింది. అది చూసి మొగిలవ్వ లేవబోయింది.

"అయ్యో, గవ్వి నువ్వు వట్టుకొచ్చినవా బిడ్డా! ఎవలన్న చూస్తె ఏమనుకుంటరు."

"లేవకు మొగిలవ్వా. చెయ్యెట్లున్నది?"

మొగిలవ్వ జవాబుకు బదులు చాటలోంచి కత్తిరించిన ఆకు ఒకటి తీసుకుంది. తంబాకు పోసి చుట్టబోయింది. బొటనవేలూ దాని పక్క వేలూ కదిలాయి గానీ ఆకు ఎక్కడుందో వాటికి తెలియడం లేదు. ఆకు విచ్చుకుని తంబాకు ఒళ్లో రాలింది. దాన్ని ఎడమచేత్తో దులిపి చాటలో వేసింది.

"గీ రెండు వేండ్లకు ఆకు తెలుస్తలేదు. మెల్లెగ రావచ్చునంటడు డాక్టరు, రాకపోవచ్చునంటడు." ఆమె గొంతు తగ్గించింది. "మాఫ్ చెయ్యి బిడ్డా. పోరికి చీర గట్టేనాడు మీ ఇంట్ల గంత లొల్లి చేస్తి. నువ్వు చెప్పులేసుకొమ్మని చెప్పినవట గదా. ఎంత సోంచాయించినా నాకు యాదికొస్తలేదు."

"దానికి అన్ని మర్పే అక్కా," అంది నవనీత కత్తెర ఆపకుండా. "జగిత్యాల దవాఖానల నుంచి తిడ్తనే ఉన్న. పెద్దోళ్లు చెప్తె ఇనవు, చెయ్యి పోగొట్టుకుంటివి, ఇగ రేపటి సంది ఏం జేస్తవని."

స్వరూప వచ్చేదారిలో చాలా మాటలు అనుకుంది. ఆసుపత్రి ఖర్చు, పని లేకున్నా నెల జీతం, మందులు. అవన్నీ పక్కన పెట్టింది.

"నేను చెప్పలే," అంది.

కత్తెర ఆగింది.

"అందరికి చెప్పిన మొగిలవ్వా. నీకు చెప్పలే. మర్చిపోయి గాదు. యాదికచ్చింది. నీ కాళ్లు జూసిన, యాదికచ్చింది, చెప్పలే. చెప్పిన అని అందరికి అబద్ధం చెప్పిన."

తిడుతుందని స్వరూప ఎదురుచూసింది. తిడితే ఆ కాళ్ల మీద పడిపోదామనుకుంది. కానీ మొగిలవ్వ మొహంలో బిగుసుకుని ఉన్నదేదో మెల్లగా విడిచిపోయింది.

"అయితె నాకు మర్పు రాలే," అంది. బిడ్డ వైపు తిరిగి మళ్లీ అంది. "ఇన్నవానే? నాకు మర్పు రాలేదట. పిచ్చిదాన్నయితన్ననని రెండు రాత్రులు నిద్ర లేదు నాకు."

తిట్టి ఉంటే బాగుండేది. స్వరూప ఏడుపు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏడ్వకు బిడ్డా," అంది మొగిలవ్వ. "నువ్వు చెప్తె మాత్రం ఏసుకుందునా? మీ గేటు లోపటికి నేను చెప్పులతోని ఎన్నడన్న అచ్చిన్నా?"

నవనీత చాట పక్కన పెట్టింది. ఆమె ఏడవడం లేదు, అరవడం లేదు. నేల చూస్తూ అంది. "నా నోటితోని మా అవ్వను ఎన్ని మాటలంటి. నువ్వు చెప్పిన అన్నది ఊరంత ఎరుక అక్కా. గిప్పుడు నాతోని అన్నది గూడ ఊరంతటికి చెప్పు. దవాఖాన పైసలు తర్వాత."

"చెప్త," అంది స్వరూప.

ఇంటికొచ్చేసరికి చిన్నత్త రుద్రంగి బస్సుకు బయలుదేరుతోంది. రాజవ్వ ఆమె సంచిలో మిగిలిన అరిసెలు సర్దుతోంది. రాజేందర్ మిగిలిన పాత పలకలు ఏరి గోడ వారగా పేరుస్తున్నాడు.

"ఎట్లున్నదే మొగిలవ్వ?" అంది చిన్నత్త. "పాపం, నువ్వు గంత చెప్పినా ఇనకపాయె."

స్వరూప చెప్పులు విడవకుండానే వాకిట్లో నిలబడింది. "నేను చెప్పలే చిన్నత్తా. ఆమెకు నేను చెప్పలే. బంతిల అబద్ధమాడిన."

రాజేందర్ చేతిలో పలక అలాగే ఉండిపోయింది. చిన్నత్త రాజవ్వ వైపు చూసింది. రాజవ్వ సంచి మూతి ముడివేసి, లేచి, కోడలి భుజం మీద చెయ్యి వేసింది. ఎన్నడూ లేనంత మెత్తగా వేసింది.

"ఊకో బిడ్డా. చెయ్యి జూసి మనసు కరాబైనట్టున్నది. చెప్పినవు. శనివారం పొద్దుగాల నువ్వు మిషన్ కాడ నిలవడి చెప్పంగ నేను అరుగు మీదికెల్లి ఇన్న."

"చెప్పలేదత్తమ్మా! నువ్వేమిన్నవు? ఇంకో బిందె పొయ్యమన్నవు!"

"ఇన్న," అంది రాజవ్వ. ఆ మొహంలో కపటం వెతికి చూసింది స్వరూప. లేదు. ఆమె నిజంగానే విన్నట్టుంది.

"గంతే అయితది," అంది చిన్నత్త సంచి చంకనేసుకుంటూ. "మంచిమనసోళ్లకే గిట్ల మీదేసుకునుడు." ఇద్దరూ మాట్లాడుకుంటూ గేటు దాకా నడిచారు. రాజేందర్ భార్య వైపు ఒకసారి చూసి, చేతిలో పలకను మిగతావాటి మీద పెట్టాడు.

స్వరూప గేటు వైపు "నేను చెప్పలే" అని మళ్లీ అంది, ఈసారి గట్టిగా. రుద్రంగి బస్సు ఎన్నింటికో మాట్లాడుకుంటున్నారు వాళ్లు.

ఆమె చెప్పులు విడిచి వంటింట్లోకి వచ్చింది. ఫ్రిజ్ ముందు అలవాటుగా కాలు చెప్పుల కోసం తడుముకుంది. అక్కడేమీ లేవు. ఉత్త కాళ్లతో చల్లటి నేల మీద నిలబడి తలుపు మీద అరచేయి పెట్టింది. అలాగే అదిమి పట్టుకుని చాలాసేపు చూసింది. ఎంతసేపు చూసినా ఏమీ కాలేదు.